పదో తరగతికి రెండు గదులు

బెంచీకి ముగ్గురు. ఆడపిల్లలు ఇరవై ముగ్గురు. ఏడు బెంచీలు నిండి ఇద్దరు మిగులుతారు. మగపిల్లలు ముప్పై నలుగురు. వాళ్ళకు పదకొండు బెంచీలు నిండి ఒకడు మిగులుతాడు. మిగిలిన ఆ ఇద్దరినీ, ఈ ఒక్కడినీ కలిపి పందొమ్మిదో బెంచీ మీద కూర్చోబెడితే లెక్క సరిపోతుంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని. నా సర్వీసు మొత్తంలో నాకు తేలని లెక్క ఏదైనా ఉందంటే అది ఆ పందొమ్మిదో బెంచీయే.

ఈమధ్యే టీచర్లుగా చేరిన మీలాంటి వాళ్ళు కనిపించినప్పుడల్లా ఈ సంగతి చెప్పాలనిపిస్తుంది. ఇందులో నీతి ఉందని కాదు. ఉంటే అదేమిటో నాకే తెలియదు. మీకు తెలిస్తే నాకు చెప్పండి.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు మాట. గోదావరిఖనిలో కార్మికుల కాలనీ మధ్యన ఉన్న ఒక హైస్కూల్లో లెక్కల టీచర్నీ నేనే, ఇన్‌చార్జి హెడ్‌మిస్ట్రెస్‌నీ నేనే. గనుల్లో మనుషులు తగ్గిపోతున్న కాలం అది. రిటైరైన కుటుంబాలు క్వార్టర్లు ఖాళీ చేసి వెళ్ళిపోతున్నాయి. ఉన్నవాళ్ళలో స్తోమత ఉన్నవాళ్ళు పిల్లల్ని ఇంగ్లీషు మీడియంలో వేస్తున్నారు. అంతకుముందు మా బడిలో ఏ సెక్షన్ ఆడపిల్లలది, బి సెక్షన్ మగపిల్లలది. ఎవరు పెట్టారో తెలియదు, ఎందుకు పెట్టారో ఎవరూ అడగలేదు. ఆ ఏడు పిల్లలు తగ్గడంతో రెండు సెక్షన్లను కలిపి ఒకే పదో తరగతి చెయ్యమని ఆర్డరు వచ్చింది. కలిపాను. ఒక పక్క వరుసల్లో ఆడపిల్లలు, ఇంకో పక్క వరుసల్లో మగపిల్లలు, మధ్యలో ఆ పందొమ్మిదో బెంచీ. ఇరవయ్యో బెంచీ వేస్తే టీచరు నిలబడడానికి చోటు లేదు. అందుకని ఆ బెంచీకి వంతులు వేశాను, వారానికి ఇద్దరు ఆడపిల్లలు, ఒక మగపిల్లవాడు. వంతులు వేసి చాలా తెలివైన పని చేశాననుకున్నాను.

జూలై చివర్లో ఒక మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి ఒకాయన వచ్చాడు. గని లోపల నీళ్ళు తోడే పంపు ఆపరేటరు. ముఖం కడుక్కుని వచ్చినా కనురెప్పల అంచుల్లో సుర్మా పెట్టుకున్నట్టు బొగ్గు నలుపు ఉంది. ముస్లిం కుటుంబం. ఆయన మూడో కూతురు మా పదో తరగతిలో ఉంది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"మేడం, మా బిడ్డను పోరగాని పక్కన కూసోబెట్టిన్రట."

"పక్కన కాదన్నా, నడుమ ఇంకో అమ్మాయి ఉన్నది. అదీ ఒక్క వారమే, వంతులు వేసినం."

"వంతులు వద్దు మేడం. ఈ వయసు ఆడపిల్ల పరాయి పిల్లగాళ్ళతోని కలిసి కూసునుడు మా దీన్‌ల, మా మతంల, మంచిది కాదంటరు. మీరు తప్పు చేసిన్రని అంటలేను. మా కాడ గిట్లుంటదని చెప్తున్న."

ఆయన గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది, నేనూ పెంచేదాన్ని. నెమ్మదిగా చెప్పుకుంటూ పోయాడు. ఉర్దూ బడి ఏడో తరగతితో అయిపోతుంది. పెద్ద పిల్లలిద్దరూ అక్కడితోనే ఆగిపోయారు.

"ఇది చదువుత అని ఏడ్సింది మేడం. రెండు దినాలు బువ్వ తినలే. గందుకే తెలుగు బడికి తోలిన. మా వాళ్ళు ఒకరెనుక ఒకరు అడుగుతున్నరు, ఎందుకు తోలుతున్నవని. నేను జవాబు చెప్పుకోవాలె గదా."

ఆ అమ్మాయి సంగతి మీకు చెప్పాలి. నా క్లాసులో లెక్క పూర్తిగా చదవకముందే పెన్సిలు కదిలేది ఆమె ఒక్కదానిదే. పదో తరగతి రాస్తే ఆ ఇంట్లో రాసిన మొదటి మనిషి అవుతుంది. ఆ తండ్రి మాట కాదంటే బడి మానేస్తుంది. ఔనంటే ఏమవుతుందో అప్పుడు నేను ఆలోచించలేదు.

ముందు ఒక బెంచీ మీద నలుగురు మగపిల్లల్ని ఇరికించి చూశాను. వారం తిరక్కుండా బెంచీ కాలు విరిగింది. కార్పెంటరు మేకులు కొట్టి నిలబెట్టాడు గాని, "ఇది నలుగురిని మొయ్యది మేడం" అని తేల్చేశాడు. తరగతి గది పక్కనే పాత పుస్తకాలు, సైన్సు సామాను పెట్టుకునే చిన్న గది ఉంది. రెంటికీ మధ్య తలుపు, సరిగ్గా బోర్డు పక్కన. ఆ గది ఖాళీ చేయించి ఒక బెంచీ, ఒక చిన్న బోర్డు వేయించాను. ఆ అమ్మాయి, ఆమెకు తోడు ఇంకో ఇద్దరు అందులో కూర్చుంటారు. తలుపు దగ్గర నిలబడి చెప్తే రెండు గదులకూ వినిపిస్తుంది.

ఆయన వచ్చి చూశాడు. సంతోషించాడు. వెళ్ళబోతూ ఆగాడు.

"ఇంకొక్క మాట మేడం. పిల్లగాళ్ళ ముందట నిలబెట్టి చెప్పిచ్చుడు, బోర్డు కాడికి పిలుసుడు, గవి గూడ వద్దు. జబాన్ ఇయ్యండ్రి."

"ఇస్తున్న అన్నా" అన్నాను. అంత తేలిగ్గా మాట ఇచ్చేశాను.

దసరా సెలవుల నాటికి ఆ చిన్న గదిలో ముగ్గురు కాస్తా పద్నాలుగు మంది అయ్యారు. అందరివీ మతం కారణాలు కావు. గనిలో కప్పు కింద దుంగలు నిలబెట్టే టింబరు పని చేసే ఆయన భార్య ఒకామె వచ్చి, "మా పిల్లను గూడ గా అర్రల కూసోబెట్టుండ్రి టీచరమ్మా. మాకు దేవుడేం చెప్పలే గాని, మా ఇంటాయన చెప్పిండు" అంది. ఒకరికి ఇచ్చి ఇంకొకరికి ఎలా కాదంటాను? బెంచీలు కూడా ఒకటొకటిగా ఆ గదిలోకి వెళ్ళాయి. ఒక ఆదివారం మా చర్చిలో పాస్టరు గారు పిల్లల పెంపకం గురించి చెప్తూ మా బడిని మెచ్చుకున్నారు. మా చర్చిలో మగవాళ్ళు కుడి పక్క చాపల మీద, ఆడవాళ్ళు ఎడమ పక్క. నేను పుట్టినప్పటి నుంచీ అంతే. ఎన్నడూ నాకు తప్పనిపించలేదు, ఒప్పు అని కూడా అనిపించలేదు, చూపే పోలేదు దాని మీదికి. ఆ రోజు పాస్టరు మెచ్చుకుంటుంటే కుడి పక్కన కూర్చున్న మా ఆయన వైపు చూశాను. ఆయన కునుకు తీస్తున్నాడు. నాకు మాత్రం ప్రసంగంలో తర్వాతి ముక్క ఒక్కటీ ఎక్కలేదు.

బడిలో దీనికి ఎదురు నిలిచింది సైన్సు సారు ఒక్కడే. నాకంటే పదిహేనేళ్ళు చిన్నవాడు. ప్రయోగం ఏదైనా పెద్ద గదిలో ఒకసారి, చిన్న గదిలో ఒకసారి, రెండుసార్లు చేసి చూపించేవాడు. నవంబరుకే రసాయనాలు అయిపోయాయి. ఖాళీ సీసాలు తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు.

"ఇవి అయిపోయినయని కాదు మేడం నేనొచ్చింది. మా తాతను బడి అరుగు మీద కూసోబెట్టిన్రు. లోపల చెప్పేది బయటనుంచి వినుకుంట చదివిండు. గప్పుడు గూడ ధర్మమనే అన్నరు."

"అదీ ఇదీ ఒకటే ఎట్లయితది సార్? వాళ్ళు తోసేసిన్రు. వీళ్ళు అడుగుతున్నరు."

"అడుగుతున్నది ఎవరు మేడం? పిల్లలా?"

మా తాతదీ అలాంటి అరుగే. ఆయన అక్షరాలు నేర్చింది అక్కడే. ఆ సంగతి సారుకూ తెలుసు, అందుకే అంతటితో ఆపాడు. ఆయన వెళ్ళాక మా బడి ఆయా టీ గ్లాసు పెడుతూ, అడగకుండానే తన మాట చెప్పింది.

"సారుకేందమ్మా, మగపుట్టుక పుట్టిండు. నేను బడి గడప తొక్కలే. నన్ను గసొంటి అర్రల కూసోబెట్టినా సంకలు గుద్దుకుంట పోతుంటి."

సారు మాట వింటే సారుదే నిజమనిపించేది. ఆయా మాట వింటే ఆయాదే. పంపు ఆపరేటరు ముఖం గుర్తొస్తే ఆయనదే. ఇంత మంది నిజాలు చెప్పేసరికి నాకంటూ ఒకటి మిగల్లేదు.

డిసెంబరులో ఇన్‌స్పెక్షన్ వచ్చింది. ఆఫీసరు గారు దూరం నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి, స్వయంగా లెక్కలు చదివినవారు. రిజిస్టర్లు చూశారు, ఖాళీ రసాయనాల సీసాలు చూశారు, పెదవి విరిచారు. పదో తరగతిలోకి వచ్చి బోర్డు మీద ఒక సమలంబ చతుర్భుజం గీసి, దాని కర్ణాలు ఒకదాన్నొకటి ఒకే నిష్పత్తిలో ఖండించుకుంటాయని నిరూపించమన్నారు. నేను రెండుసార్లు చెప్పిన లెక్కే. ఒక్కరూ లేవలేదు. ముందు బెంచీలో వాణ్ణి లేపితే నేల చూపులు చూశాడు. రెండో బెంచీలో వాడు గోడ చూశాడు.

"ఎవరండీ వీళ్ళకు లెక్కలు చెప్పేది?" అన్నారాయన.

"నేనే సార్" అన్నాను.

అప్పుడు పక్క గదిలోంచి ఒక గొంతు వినిపించింది. "సార్, కర్ణాలు కలిసిన చోటినుంచి కింది భుజానికి సమాంతరంగా ఒక రేఖ గీస్తే వస్తుంది."

ఆఫీసరు గారు తలుపు వైపు తిరిగారు. "ఎవరమ్మా అది? శభాష్. ఇలా వచ్చి చేసి చూపించు."

ఆ అమ్మాయి లేచింది గాని కదలలేదు. తలుపులోంచి నా వైపు చూసింది. నేను ఆ క్షణంలో ఏదైనా చెప్పి ఉండవచ్చు. అక్కడే చిన్న బోర్డు ఉంది సార్, దాని మీద చేస్తుంది, మనం వెళ్ళి చూద్దాం అనవచ్చు. ఎంత చిన్న మాట! అది నాకు తర్వాత వంద సార్లు తట్టింది, అప్పుడు మాత్రం తట్టలేదు. అప్పుడు నాకు కనిపించిందల్లా ఆఫీసరు గారి విరిచిన పెదవి.

"రా బిడ్డా" అన్నాను.

వచ్చింది. ముప్పై నలుగురు మగపిల్లల ముందు బోర్డు దగ్గర నిలబడింది. మొదటి గీతకే సుద్ద విరిగింది. విరిగిన ముక్కతోనే చేసింది, ఒక్క మెట్టు కూడా వదలకుండా. చివరి గీత కింద రెండు అడ్డగీతలు గీసి సుద్ద పెట్టేసింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. మనస్ఫూర్తిగానే కొట్టారు, వాళ్ళ తప్పేం లేదు. ఆఫీసరు గారు సంతోషించి, "ఈ అమ్మాయిలు పక్క గదిలో ఎందుకున్నారు?" అని అడిగారు.

"స్థలం చాలక సార్" అన్నాను. అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

మర్నాడు ఆ అమ్మాయి బడికి రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆయాను పంపితే జ్వరమని చెప్పారట. "జరం లేదమ్మా. బోళ్ళు తోముతున్నది, నేను చూసిన" అంది ఆయా. చప్పట్లు కాలనీ దాకా వినిపించాయని అప్పుడర్థమైంది. నాలుగో రోజు సాయంత్రం ఆయాను వెంటబెట్టుకుని వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళాను. దారి పొడుగునా ఏం మాట్లాడాలో కూడబలుక్కున్నాను. గుమ్మం దగ్గర ఆయన్ని చూడగానే అంతా మరిచిపోయాను.

కుర్చీ వేశాడు. చాయ్ తెప్పించాడు. నా ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"మీ మీద కోపం లేదు మేడం. మా వాళ్ళందరు ఒకటంటే నేను మీ పేరు చెప్పిన. మేడం జబాన్ ఇచ్చింది, ఏం ఫికర్ లేదని చెప్పిన. ఇగ ఎవరి పేరు చెప్పాలె?"

"తప్పు నాదే అన్నా" అన్నాను. "ఆఫీసరు పిలిచిండని కాదు. ఆయన ముందట గొప్పకు పోయిన. నా పరువు నిలబెట్టుకునేటందుకు నీ బిడ్డను పిలిచిన."

ఈ మాట ఆయన ఎదురు చూసినట్టు లేదు. చాయ్ గ్లాసును చేతిలో తిప్పాడు. లోపలి గది తెర వెనక నుంచి ఆడ గొంతు వినిపించింది. ఆయన భార్యది.

"మేడం, లెక్క సరిగ్గ చేసిందా?"

"చేసిందమ్మా."

"అందరికంటె మంచిగనా?"

"ఇంకెవ్వరికీ రాలేదు."

ఆయన తెర వైపు చూశాడు, నా వైపు చూశాడు. "బేటీ" అని పిలిచాడు. ఆ అమ్మాయి వచ్చి తెర పక్కన నిలబడింది. నేనే అడిగాను, జూలైలో అడగాల్సిన మాట. "నీకేమనిపించింది బిడ్డా?"

ఆమె తండ్రిని చూసింది. ఆయన తల ఊపాడు, చెప్పు అన్నట్టు.

"చిన్న అర్రల నాకు మంచిగనే ఉంటది మేడం. ఎవరు చూడరు. జవాబు చెప్పాలనిపిస్తే చెప్త, లేకుంటే లేదు. బోర్డు కాడ సుద్ద విరిగినప్పుడు, ఎందుకు పిలిచిన్రో అని మీ మీద కోపమొచ్చింది." ఆగింది. "లెక్క అయిపోయినంక మాత్రం మళ్ళ ఇంకోటి ఇస్తే బాగుండనిపించింది. రెండు అనిపించినై. ఏది నిజమో నాకు తెల్వది."

పదిహేనేళ్ళ పిల్ల అంత శుభ్రంగా చెప్పేసింది, నేను ఆర్నెల్లుగా చెప్పలేకపోయిన మాట.

"సోమవారం తోలుత" అన్నాడాయన చివరికి. "గాని ఈసారి జబాన్ అడుగ. అడిగితే మీరిస్తరు. ఇచ్చి మీరూ తకలీఫ్ పడుతరు, నేనూ పడుత."

సోమవారం ఆమె వచ్చాక, చిన్న గదిలోని పద్నాలుగు మందికీ తలా ఒక చీటీ ఇచ్చాను. పేరు రాయొద్దు, ఏ గదిలో కూర్చోవాలని ఉందో రాయండి అన్నాను. ఆరుగురు పెద్ద గది అని రాశారు. అయిదుగురు చిన్న గది అన్నారు. ఇద్దరు 'మా నాన్నను అడిగి చెప్తాం' అని రాశారు. ఒక చీటీ ఖాళీగా వచ్చింది. రోజూ నోటుబుక్కులు దిద్దే దానికి ఎవరి చేతిరాత ఏదో తెలియదా? పదమూడు చీటీల్లో ఆ అమ్మాయి రాత లేదు.

తలుపు తీసి ఉంచాను. ఎవరికి ఎక్కడ ఇష్టమైతే అక్కడ కూర్చోండి, ఏ రోజు ఇష్టం ఆ రోజుది అన్నాను. నిజం చెప్పాలంటే అది నిర్ణయం కాదు, చేతులెత్తేయడం. సైన్సు సారు ఆ మాట ముఖం మీదే అన్నాడు.

"ఇయ్యాల్సిన జవాబు మీరియ్యలే మేడం. పిల్లల నెత్తిన పెట్టిన్రు."

"నిజమే సార్. మీ దగ్గరుంటే చెప్పండ్రి, అదే చేద్దాం."

ఆయన నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడు. అప్పుడు నాకు కొంచెం ఓదార్పుగా ఉండింది.

మొదటి వారం ఒక్కరూ కదలలేదు. పెద్ద గది అని రాసిన ఆరుగురు కూడా. తర్వాత ఒకరిద్దరు పుస్తకాలు చంకలో పెట్టుకుని, ఏదో దొంగతనం చేస్తున్నట్టు, పెద్ద గదిలోకి వచ్చి కూర్చున్నారు. ఒకామె రెండు రోజులుండి తిరిగి వెళ్ళిపోయింది. మగపిల్లలెవరో ఏదో అన్నారట, ఏమన్నారో చెప్పలేదు. జనవరి మధ్యలో ఒక రోజు నేను లెక్కల పీరియడ్‌కు వెళ్ళేసరికి ఆ అమ్మాయి పెద్ద గదిలో ఆడపిల్లల చివరి బెంచీ మీద, గోడ వారగా కూర్చుని ఉంది. నేను చూసీ చూడనట్టు పాఠం మొదలుపెట్టాను. గంట కొట్టగానే లేచి చిన్న గదిలోకి వెళ్ళిపోయింది. ఆ తర్వాత పరీక్షల దాకా అంతే. లెక్కలకు పెద్ద గది, మిగతా అన్నిటికీ చిన్న గది. తన పేరు నేనుగా ఒక్కసారీ పిలవలేదు. తనే రెండు సార్లు చెయ్యెత్తింది.

ఆ తండ్రికి చెప్పాలా? ఈసారి నేను మాటేమీ ఇవ్వలేదు. ఆయనా అడగలేదు. కానీ నమ్మి పంపాడు కదా. చెప్తే పిల్ల ఆ ఒక్క పీరియడూ పోగొట్టుకుంటుందేమో. చెప్పకపోతే నేను రెండోసారి ఆయన్ని మోసం చేసినట్టేమో. మొదటి షిఫ్టు వదిలే వేళకు నా కళ్ళు గేటు మీదే ఉండేవి. మా ఆయన్ని అడిగితే, "నీకు ఏది మంచిగనిపిస్తే అది చెయ్యి" అని అటు తిరిగి పడుకున్నాడు. నాకేది మంచిదనిపిస్తుందో తెలిస్తే ఆయన్నెందుకు అడుగుతాను?

ఆ అమ్మాయి ఫస్టు క్లాసులో పాసైంది. ఆడపిల్లల కాలేజీలో చేరింది. ఇప్పుడు బెల్లంపల్లిలో ఉంటుంది, ఇద్దరు పిల్లల తల్లి. ఇంట్లో లెక్కల ట్యూషన్ చెప్తుంది. ఆడపిల్లలకు పొద్దున, మగపిల్లలకు సాయంత్రం. ఎందుకట్ల అని అడిగితే నవ్వి, "ఇల్లు చిన్నది మేడం" అంది. అంతకంటే గుచ్చి అడగడానికి నాకేం హక్కుంది?

ఇవన్నీ తర్వాతి సంగతులు. నాకు మరుపు రానిది మార్చిలో హాల్ టికెట్లు ఇచ్చిన రోజు. ఆయన రెండో షిఫ్టుకు పోతూ దారిలో వచ్చాడు. సంతకం పెట్టించుకునే ముందు, దాచకుండా చెప్పాను.

"అన్నా, పరీక్ష హాలు మా చేతుల ఉండదు. నంబర్ల లెక్కన కూసోబెడుతరు. ఆడపిల్లలు, మగపిల్లలు ఒక్క గదిలనే ఉంటరు. పక్క బల్ల మీద మగపిల్లగాడు ఉండొచ్చు."

ఆయన హాల్ టికెట్ మీద కూతురి ఫొటో చూస్తూ ఆలోచించాడు.

"పరీక్షల ఎవరి కాయితం వాళ్ళు చూసుకుంటరు మేడం. పక్కోన్ని చూసే ఫుర్సత్ ఎవరికుంటది? అది వేరే ముచ్చట" అన్నాడు. ఎవరినీ అడగకుండా, తనకు తానే ఒక దారి తీసుకున్నాడు. సంతకం పెట్టాడు. లేచి గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు.

"మేడం, ఒకటి అడుగుదామని వచ్చిన. మా బిడ్డ ఇన్ని దినాలు ఏ అర్రల..."

సగంలో ఆగిపోయాడు. నా ముఖంలో ఏం చూశాడో నాకు తెలియదు. హాల్ టికెట్‌ను మడత పడకుండా చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

"వద్దు తియ్యండ్రి, అడుగ. అడిగితే మీరు అబద్ధం చెప్పరు" అని, షిఫ్టుకు ఆలస్యమవుతోందంటూ గబగబా వెళ్ళిపోయాడు.